నా జోకుకి హాలంతా నవ్వింది, నాయన మాట్లాడటం మానేశాడు

ప్రశ్న: మాది తిరుపతి. నాకు 27 ఏళ్లు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ మూడేళ్లుగా స్టాండప్ కామెడీ చేస్తున్నాను. ఎనిమిది నెలల కిందట ఉద్యోగం మానేశాను. నాయన బస్సు కండక్టరుగా రిటైరయ్యాడు. చాలా ఏళ్లు తిరుపతి–పీలేరు పల్లెవెలుగులో చేశాడు. నా సెట్‌లో బాగా పేలేది ఆయన మీద చెప్పే బిట్టే. పూజగదిలో కూడా ‘ముందుకు జరగండి, ముందుకు జరగండి’ అంటాడని మొదలుపెట్టి, నా తొమ్మిదో ఏట ఆయన చెకింగ్‌లో దొరికి మూడు నెలలు సస్పెండైన సంగతితో ముగిస్తాను. ‘మా నాయన చేసిన స్కామ్ మొత్తం 32 రూపాయలు. దానికి మా అమ్మ గొలుసు తాకట్టు’ అనగానే హాలు ఊగిపోతుంది. తర్వాత విచారణ జరిపి, తప్పు లేదని మళ్లీ డ్యూటీలోకి తీసుకున్నారు. అది స్టేజీ మీద చెప్పను, చెబితే పంచ్ పలచబడుతుంది. ఆ వీడియో మా ఊళ్లో అందరి ఫోన్లకీ చేరింది. లీలామహల్ సర్కిల్ దగ్గర టీకొట్టులో నాయన స్నేహితులు ‘32 రూపాయలు వచ్చినాడు’ అంటున్నారంట. ఆయన టీకి వెళ్లడం మానేశాడు. రెండు నెలలుగా నాతో మాటల్లేవు. ఆ కథ నాకు చెప్పింది ఆయనే, మిద్దె మీద పడుకున్నప్పుడు, నవ్వుతూ. నేనూ ప్రేమతోనే చెప్పాను. ఆయనకు హాస్యం అర్థం కాదా? నేను కామెడీ మానేయాలా?

జవాబు: మీ ఉత్తరం చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోయాను బాబూ. స్కామ్ అనే మాట.

నేనూ ఈ ఊరిదాన్నే. భాకరాపేట ఘాట్ మీదుగా పీలేరు పోయే బస్సు సాయంత్రం పూట ఎలా ఉంటుందో నాకు తెలుసు. రంగంపేటలో ఎక్కినవాళ్లు ఫుట్‌బోర్డు దగ్గరే నిలబడి ఉంటారు. ఒకామె వందనోటు ఇస్తుంది, చిల్లర వెతికేలోపు వెనకనుంచి ఎవరో పిల్లాడికి వాంతి వస్తోందని కేకేస్తారు. డబ్బులు చేతిలో పడి, టికెట్ ఇంకా కొట్టని ఆ రెండు నిమిషాల్లో చెకింగ్ వాళ్లు ఎక్కితే ఏ కండక్టరైనా దొంగగా కనిపిస్తాడు. మీ నాయన విషయంలో జరిగింది అచ్చంగా ఇదేనని నేను అనలేను. కానీ తప్పు లేదని తేలిందని మీరే రాశారు. చెబితే పంచ్ పలచబడుతుందనీ మీరే రాశారు. 18 ఏళ్ల కిందట విచారణలో కడుక్కున్న నిందను కన్నకొడుకు మైకు పట్టుకుని మళ్లీ పూశాడు. ఆయన నోట మాట రాకపోవడానికి అది చాలదా?

ఆయనకు హాస్యం అర్థం కాదన్న మాట నేను ఒప్పుకోను. అర్థం కానివాడు మిద్దె మీద పడుకుని తన సస్పెన్షన్ గురించి నవ్వుతూ చెప్పడు. ఆ నవ్వు కోసం ఆయన ఎన్నేళ్లు ఆగి ఉంటాడో ఆలోచించండి. నువ్వు పెద్దవాడివయ్యావు, ఇప్పుడు నీకు చెప్పొచ్చు అనుకుని ఆ రాత్రి మీ ఒక్కడికి చెప్పాడు. మీకది కథగా వినిపించింది. ఆయన మటుకు మిమ్మల్ని నమ్మి ఇచ్చాడు.

మన గంగమ్మ జాతర మీకు కొత్త కాదు. మే నెలలో ఆ వారం రోజులు మగవాళ్లు ఆడవేషాలు కడతారు, బండ వేషం వేసినవాడు ఎదురొచ్చిన పెద్దమనిషిని కూడా బూతులు తిడతాడు. ఎవ్వరూ కోపం తెచ్చుకోరు. ఎందుకంటే తిట్టేవాడూ పడేవాడూ ఇద్దరూ ఆ వీధిలోనే ఉన్నారు, తిట్టు ఎందుకో ఇద్దరికీ తెలుసు, వేషం తీసి స్నానం చేస్తే అంతటితో సరి. మీరు బెంగళూరులో ఆ మాట అన్నప్పుడు మీ నాయన ఆ హాల్లో లేడు. ఆయనకది టీకొట్టులో, గ్లాసు చేతిలో ఉండగా, ఇంకొకరి ఫోన్‌లో వినిపించింది. పైగా వీడియోకి స్నానం లేదు. రేపు మీ ఇంటికి సంబంధం మాట్లాడటానికి వచ్చేవాళ్లు కూడా చూస్తారు.

కాబట్టి మొదట వీడియో తీసేయండి. ఊరికి వెళ్లకముందే తీసేయండి. ‘నువ్వు తీసేయమంటే తీసేస్తా నాయనా’ అని అడిగితే ఆయన ‘వద్దులే, ఉండనీ’ అనేస్తాడు. తండ్రులంతే, కొడుకు అన్నంలో మట్టి పోసినట్టవుతుందని భయం. తీసేసి వచ్చి చెప్పండి. షో పెట్టినవాళ్ల చానల్లో ఉంటే వాళ్లను అడగండి. వేరే పేజీలవాళ్లు కోసి పెట్టుకున్న ముక్కల మీద, అది మీ సొంత వీడియో అయితే, యూట్యూబ్‌లోనూ ఇన్‌స్టాలోనూ కాపీరైట్ ఫిర్యాదు చేసే వీలుంది. అన్నీ పోవు. పోయినన్ని పోనివ్వండి.

తర్వాత బస్సెక్కండి. ఫోన్లో వద్దు, మామయ్యల చేత చెప్పించడమూ వద్దు. రాత్రి భోజనాలయ్యాక ఆ మిద్దె మీదికే వెళ్లండి. ‘తప్పయింది నాయనా, నువ్వు చేయని తప్పును చేసినట్టు చెప్పాను’ అనండి. అక్కడితో ఆగండి. ‘కానీ’ అనే మాట మీ నోట రాకూడదు. ‘ప్రేమతోనే’ అనే మాట కూడా ఆ రాత్రికి వద్దు. ఆయన ఏమీ అనకపోవచ్చు. దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకోవచ్చు. మీరూ పక్కనే పడుకోండి.

ఇక మీ వృత్తి సంగతి. ఐదు నిమిషాల సెట్ కుదరడానికి ఎవరైనా స్టేజీ ఎక్కి ప్రయత్నించే ఓపెన్ మైకులు ఎన్ని ఖాళీ కుర్చీల ముందు చేయాలో మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే పేలే బిట్టు వదులుకోవడం ఎంత కష్టమో నాకు అర్థమవుతోంది. వదలకండి, తిప్పి రాయండి. ఆ మూడు నెలలు తొమ్మిదేళ్ల పిల్లాడు ఏమనుకున్నాడు? నాయన రోజూ ఇంట్లోనే ఉంటాడని సంబరపడ్డాడా? సస్పెన్షన్ అంటే సెలవులనుకుని బడిలో గొప్పలు చెప్పుకున్నాడా? నవ్వు ఆ పిల్లాడి మీదికి మళ్లితే నాయన మీద నింద ఉండదు, తప్పు లేదని తేలిన సంగతి కూడా అందులో హాయిగా ఇముడుతుంది. పూజగది జోకు బాగుంది, దానికి ఆయనే నవ్వుతాడని నా నమ్మకం. కొత్తది రాశాక ముందు ఆయనకు వినిపించండి. వద్దంటే ఆ కథ వదిలేయండి. అది ఆయనది.

హిందీ సినిమాల హాస్యనటుడు జానీ లీవర్ మన ఆంధ్రాలోని కనిగిరివాడు. తండ్రి పనిచేసిన హిందుస్థాన్ లీవర్ ఫ్యాక్టరీలోనే తానూ చేరాడు. కంపెనీ వేడుకలో పై అధికారులను అనుకరిస్తే తోటి కార్మికులు ఆ పేరు పెట్టారు. అంతమందిని నవ్వించగలిగినవాడు కూడా సుమారు ఆరేళ్లు ఆ ఉద్యోగంలోనే ఉండి, స్టేజీ షోల మీద రాబడి కుదిరాక 1981లో మానుకున్నాడు. మీరు తొందరపడ్డారేమోనని నాకనిపిస్తోంది. చేతిలో ఎన్ని నెలల అద్దె ఉందో లెక్క చూసుకుని, తక్కువగా ఉంటే మళ్లీ ఏదో ఒక ఉద్యోగంలో చేరండి. సాయంత్రాలు ఎటూ మీవే. డబ్బు కోసం ఏ కథైనా అమ్ముకోవాల్సిన అవసరం అప్పుడు రాదు.

ఒకటి అడగనా? ఇంత ఉత్తరంలో మీ అమ్మ ఒక్క పంచ్ లైనులో తప్ప ఎక్కడా లేదు. ఆ ఇంట్లో రెండు నెలలుగా మాట్లాడని మనిషికి పూటపూటా అన్నం పెడుతున్నది ఆమే. ఆమె ఆ వీడియో చూసిందా? ఆ గొలుసు తాకట్టు నుంచి మళ్లీ ఇంటికి వచ్చిందా? మిద్దె ఎక్కేముందు వంటింట్లో కాసేపు కూర్చుని అది ఆమెను అడిగి తెలుసుకోండి.