మంచివాడి పక్కన ఉన్నవాళ్ల కథ

విజయవాడ

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల రాతప్రతి చదివాను. సింగ్ నగర్‌లో ఇంటర్ చదివే నలుగురు కుర్రాళ్లు, మధ్యలో 2024 సెప్టెంబరు వరద. మంచి కథే ఎత్తుకున్నావమ్మా. ఒక్క సవరణ. ఆ వరదలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన మాట నిజమే కానీ, సింగ్ నగర్‌ను ముంచింది కృష్ణ కాదు, గండ్లు పడిన బుడమేరు వాగు. మన ఊరి పాఠకులు అక్కడే ఆగిపోతారు.

నా బెంగంతా నీ కథానాయకుడు శీను గురించే. పీకల్లోతు నీళ్లలో పాల ప్యాకెట్లు మోస్తాడు, ముసలివాళ్లను ఫ్లైఓవర్ దాకా చేరుస్తాడు. కానీ వాడికి ఆకలి వేయదు, విసుగు రాదు, ఇంట్లో ఎవరూ తిట్టరు. వాడు పక్కవీధిలో ఉండగానే సొంత ఇంట్లో ఫ్రిజ్, మంచాలు, ఏడాదంతా రాసుకున్న నోట్సు నానిపోయాయి. దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. నాకైతే అసలు అధ్యాయం అదే. "అందరి ఇళ్లూ చూశావు, మనిల్లు ఎవరు చూస్తార్రా?" అని వాళ్ల నాన్న అడిగితే శీను దగ్గర జవాబుందా? లేకపోతేనే బాగుంటుంది.

ఇక స్నేహితులు. ముగ్గురూ ఒకేరోజు మారిపోయి శీనును మెచ్చుకుంటారు. ఆ వయసు పిల్లలు అలా ఉండరమ్మా. ఒకడికి కుళ్లు పుడుతుంది. ఇంకొకడు 'వీడికి పేరు కావాలి' అనుకుంటాడు. మంచివాడి పక్కన తిరగడం అంత హాయిగా ఉండదు, మనం చేయనిదంతా గుర్తుకొస్తూ ఉంటుంది. ఆ ముగ్గురిలో మస్తాన్ మేడ మీద నిలబడి చూస్తూ ఉండిపోయిన చోట ఆ ఇబ్బందిని ఎంతో నిజంగా పట్టుకున్నావు. కథంతా వాడితోనే చెప్పించి చూడు. శీను మనసులోకి మమ్మల్ని తీసుకెళ్లకు, వాడు చేసింది కనపడితే చాలు.

"శీనే మాకు స్ఫూర్తి" అన్న సంభాషణ తీసెయ్యి. నీళ్లు తీశాక ఇళ్లలో మిగిలిన బురద గురించి రాయి. ఫోటోలు తీసేవాళ్లు వెళ్లిపోయారు, శీను జ్వరంతో పడుకున్నాడు. అప్పుడు మస్తాన్ పార పట్టుకుని ఎవరింటికి వెళ్తాడు? శీను ఇంటికైతే అది స్నేహం, ఎవరైనా చేస్తారు. ముఖపరిచయం కూడా లేని ముసలమ్మ ఇంటికి పంపించు. ఎందుకు వెళ్లాడో వాడితో చెప్పించకు.

జనవరి పుస్తక మహోత్సవానికల్లా అచ్చు వేయించాలన్న టెన్షన్ పక్కన పెట్టు. ముందు ఆ బురద అధ్యాయం రాసి పంపు, చదివి వెంటనే జాబు రాస్తాను.