చూడి ఆవులు వరసగా ఈసుకుపోతున్నాయి, మిగతావాటికి అంటకుండా ఏం చేయాలి?

ఒక ఆవు ఏడో నెలలో, నెల తిరక్కుండా ఇంకొకటి ఎనిమిదో నెలలో ఈసుకుపోయాయని, అంటే నెలలు నిండకుండానే దూడని వేసేశాయని రాశారు. అది చదవగానే మా పశువుల సాలే కళ్ళ ముందు కనబడింది. కాలు జారి పడిందనో, దిష్టి తగిలిందనో ఎవరైనా అంటే వినకండి. ఈసుకుపోయినవన్నీ బ్రూసెల్లోసిస్సే (చూడి పోగొట్టే అంటురోగం, మనుషులకీ అంటుతుంది) కానక్కర్లేదు, ఒప్పుకుంటాను. కానీ ఐదో నెల దాటాక వరసగా రెండు పోయాయంటే ముందు అనుమానించాల్సింది దాన్నే. రక్తపరీక్ష అయ్యేదాకా అదే అనుకుని మసులుకోండి.

మాది విశాఖ దగ్గర ఆనందపురం దాటాక ఒక పల్లె. అప్పట్లో తొమ్మిది ఆవులు, నాలుగు గేదెలు ఉండేవి. పాలు సగం కేంద్రంలో పోసేవాళ్ళం, సగం మా ఆయన బండి మీద మధురవాడ అపార్టుమెంట్లకి వేసొచ్చేవారు. ఆ ఏడాది సంతలో ఒక జెర్సీ క్రాసు ఆవు దొరికింది. ఆరు నెలల చూడి, పైగా ధర తక్కువ. చూడి ఆవుని అంత చవగ్గా ఎందుకు వదిలించుకుంటున్నాడో అడగాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. బొట్టు పెట్టి, హారతిచ్చి, ఆ సాయంత్రమే మిగతావాటి మధ్యలో కట్టేశాం.

నెల తిరిగేసరికి ఒక రాత్రి, జోరువాన, కరెంటు లేదు. సాలలో ఏదో అలికిడైతే టార్చి వేసి చూశాను. ఒంటి మీద వెంట్రుకలైనా సరిగ్గా రాని దూడ బురదలో పడి ఉంది. మాయ (మావి) పడలేదు, వెనక వేలాడుతోంది. తెల్లారినా పడకపోతే మా అత్తగారు చేతికి కొబ్బరినూనె రాసుకుని లాగడానికి కూర్చున్నారు. డాక్టరుగారిని పిలుద్దామంటే, "ఏటౌద్దే, ముప్పై ఏళ్ళ నుంచి ఈ సేతుల్తోనే లాగుతున్నాను" అన్నారు. వచ్చిన మాయ మామూలుగా లేదు, నానబెట్టిన తోలులా దళసరిగా ఉంది, వాసన. అందులో సగం కుక్క ఈడ్చుకుపోయింది. మా మామగారు దూడని తీసుకెళ్ళి గెడ్డలో (వాగులో) పడేశారు. ఊరి పశువులన్నీ నీళ్ళు తాగేది ఆ గెడ్డలోనే. పక్కన కట్టిన గౌరి ఆ తడిసిన గడ్డినే నాకుతోంది. చేయకూడనివన్నీ ఒక్క పొద్దుటే చేసేశాం.

రెండు నెలల్లో గౌరి కూడా ఈసుకుపోయింది. అప్పుడు డాక్టరుగారు వచ్చి అన్నిటి రక్తం తీశారు. పరీక్ష నాకూ చూపించారు. తెల్లటి పలక మీద సీరం చుక్క, దాని పక్కన గులాబీ రంగు మందు చుక్క. రెండూ కలిపి నాలుగు నిమిషాలు ఊపితే, రోగం లేనివాటిది సాఫీగా ఉండిపోయింది, ఉన్నవాటిది పాలు విరిగినట్టు పలుకులు కట్టింది. కొత్తదాంతో కలిపి పద్నాలుగింట్లో నాలుగు విరిగాయి.

మందు లేదా అంటే పశువులకి లేదన్నారు. ఇంజెక్షన్లతో నయం చేస్తామని ఎవరైనా వస్తే డబ్బులివ్వకండి. అసలు మోసం ఇంకోటుంది. చాలా ఆవులు ఒక్కసారే ఈసుకుపోతాయి, మరుసటి చూలు చక్కగా ఈనుతాయి. "చూశావా, తగ్గిపోయింది" అంటారు. తగ్గదు. మాయలోనూ, ఈనాక కారే మైలలోనూ, పాలలోనూ ఆ క్రిమి వస్తూనే ఉంటుంది. తడి, నీడ ఉన్నచోట నెలల తరబడి బతుకుతుంది. మా సాల లాంటి చీకటి కొట్టం దానికి పండగే. ఎండ పడితే మాత్రం గంటల్లో చస్తుంది. అందుకే ముందు పైకప్పు రేకులు రెండు తీయించాను.

విదేశాల్లో అయితే పరీక్షలో దొరికినదాన్ని కోతకి పంపేస్తారు. మన రాష్ట్రంలో 1977 నుంచి గోవధ నిషేధ చట్టం ఉంది. కాబట్టి అందరూ చెప్పే ఉపాయం ఒక్కటే: "గుట్టుగా సంతలో తోసేయండి". బల్లగుద్ది చెబుతాను, ఈ రోగం ఊళ్ళు మారేది క్రిమి బలం వల్ల కాదు, మన గుట్టు వల్ల. మాకూ అలాగే వచ్చింది. మేమేదో ధర్మాత్ములం అనుకోకండి, మా ఆయన వ్యాన్ మాట్లాడేశారు కూడా.

ఆ వారమే అత్తగారి సంగతి తేలింది. అప్పటికి రెండు నెలలుగా సాయంత్రమయ్యేసరికి జ్వరం, తెల్లారేసరికి చీర తడిసిపోయేంత చెమట, లేవలేనంత నడుం నొప్పి. టైఫాయిడ్ అని రెండుసార్లు కోర్సు వాడించారు. ఇంట్లో పశువులున్నాయా అని ఒక్క డాక్టరూ అడగలేదు! చివరికి నేనే, మా ఆవులు ఈసుకుపోయాయని చెబితే ఆ పరీక్ష రాశారు, ఆవుల రోగమే ఆవిడకీ అంటిందని తేలింది. ఆరు వారాలు రెండు రకాల మాత్రలు మింగారు. వ్యాన్ అబ్బాయికి అడ్వాన్స్ వదిలేశాం.

ఇక మీరడిగినదానికి వస్తే, ఈసుకుపోయినదాన్ని ఆ పూటే విడిగా కట్టండి. దూడ, మాయ, తడిసిన గడ్డి అన్నీ గ్లవ్స్ వేసుకుని తీసి, కుక్కలు తవ్వలేనంత లోతు గొయ్యిలో సున్నం పోసి పూడ్చండి. నేల బ్లీచింగ్‌తో కడగండి. రోగమున్నవాటిని ఆఖర్న పితకండి, పాలు బాగా మరగనివ్వండి. మధురవాడలో ఒకావిడకి పచ్చిపాలే కావాలట, బలమట! మా అత్తగారిని చూపిద్దామనిపించింది. 4 నుంచి 8 నెలల వయసు పెయ్య దూడలకి టీకా వేయించండి, జన్మలో ఒక్కసారే. 2019లో కేంద్రం మొదలుపెట్టిన కార్యక్రమం కింద ఉచితం. కోడెలకీ, చూడివాటికీ వేయకూడదు. కొత్త పశువుని తెస్తే నెల రోజులు దూరంగా కట్టి, రెండుసార్లు రక్తపరీక్ష అయ్యాకే కలపండి. డాక్టరు అందకపోతే పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి.

మా సంత ఆవు ఇంకా మా దగ్గరే, విడిగా ఉంది. పోయిన నెల నిండుగా ఈనింది, కోడె దూడ. కోడె పుడితే సింహాద్రి అప్పన్నకి ఇస్తానని అత్తగారి మొక్కు. రోగమున్న తల్లి దూడని అన్ని దూడల మధ్యకి ఎలా పంపుతామని నేను పట్టుబట్టాను. ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. చివరికి మొక్కు హుండీలో డబ్బు రూపంలో తీరింది. మాయ పూడ్చిన రోజు మాత్రం ఆవిడే గ్లవ్స్ ప్యాకెట్ తెచ్చి నా చేతికిచ్చి, పది అడుగుల దూరంలో నిలబడి, "ఇంకా తవ్వు, కుక్క లాగేస్తాది" అని కేకలేస్తూనే ఉన్నారు.