పద్మాక్షి గుట్టకు పోయి రా: ఒక యువ రచయితకు లేఖ

తమ్మీ,

నీ వ్యాసం చదివిన. వాక్యం నీ చేతికి లొంగుతున్నది, సంతోషం. కానీ పద్మాక్షి గుట్ట బండ మీద మ్యాప్ లైకెన్‌ను పెట్టినవు చూడు, అక్కడ ఆగిపోయిన. శిలీంధ్రం, శైవలం కలిసి బతికే లైకెన్లలో అది ఆల్ప్స్, ఆర్కిటిక్ లాంటి చలి తావుల్లో రాళ్లకు పట్టే రకం. హన్మకొండ మే నెల ఎండలో దాన్ని చూసిన అంటే, ఆ గుట్ట ఎక్కిదిగేటోళ్లు నీ తర్వాతి ముక్క కూడా నమ్మరు.

దాని గురించే రాయాలనుంటే దాని చోటనే రాయి. సరుకు తక్కువేం లేదు. పసుపుపచ్చ పెచ్చులు, చుట్టూ నల్లటి అంచు. రెండు పెచ్చులు పెరిగి ఒరుసుకున్న చోట దేశాల సరిహద్దు గీసినట్టే ఉంటది. ఏడాదికి మామూలుగా మిల్లీమీటరు కూడా పెరగదు. రోలాండ్ బెషెల్ అనే శాస్త్రవేత్త 1950లలో ఆ నిదానాన్నే కొలబద్ద చేసుకున్నడు: మంచునది వెనక్కి జరిగి రాళ్లు ఎప్పుడు బయటపడ్డయో, వాటి మీది మచ్చల అడ్డకొలతను బట్టి లెక్కగట్టిండు. 2005లో దాన్ని అంతరిక్షానికి పంపి, రెండు వారాల పాటు శూన్యంలో, కాచుకునే గాలిపొర లేని ఎండలో ఉంచి తెచ్చిన్రు. బతికే ఉంది! ఇదంతా పక్కకు పెట్టి నువ్వు 'సహనానికి ప్రతీక' అని రాసినవు. కొట్టెయ్.

మన గుట్ట గురించి అంటవా, ఒక భూతద్దం, నీళ్ల సీసా పట్టుకొని పొద్దున్నే పో. గ్రానైటు మీద బూడిదరంగు మచ్చలుంటయి. గోటితో గీకితే ఊడవు, అడుగున శిలీంధ్రపు పోగులు రాతి రవ్వల సందుల్లోకి దిగి ఉంటయి. నాలుగు చుక్కలు చల్లి చూడు. పైపొర తడిసి పలచబడ్డట్టయితది, లోపలి శైవలం పచ్చదనం మెల్లగా పైకి తేలుతది. ఆ శైవలం ఎండలో వండిన తిండే శిలీంధ్రానికి బువ్వ. (దీన్ని ఆలుమగల కాపురంతో పోల్చకు, అందరూ పోల్చి పోల్చి అరగదీసిన్రు.) జాతి పేరు తెలియకుంటే రంగు, అంచు, బండకు ఏ దిక్కున ఉందో రాసుకో, చాలు. కత్తితో చెక్కి ఇంటికి తేకు.

ఇంకొకటి. బిర్యానీలో వేసే రాతిపువ్వూ లైకెనే గానీ, అది ఆకులెక్క లేచే రకం. రెంటినీ ఒక్క పేరాలో కలిపేసినవు, విడదియ్యి.

గొర్లకాపరి నీకు దారి చెప్పే పేరా మాత్రం ముట్టకు. దాన్నే మొదటికి తెచ్చుకో. శీర్షిక సంగతి తర్వాత చూద్దాం.

నీ అన్న