కాపీ అయిపోయిందంది, తీరా చూస్తే ఫోటోలు సున్నా కేబీ

ప్రశ్న: అన్నా, మాది నెల్లూరు, బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటున్నా. పాత లాప్‌టాప్‌లో తేలికగా ఉంటుందని ఓ చిన్న లైనక్స్ వేసుకున్నా, పెన్‌డ్రైవ్ పెడితే దానంతటది రాదు, సుడో మౌంట్ (అడ్మిన్ హక్కుతో డ్రైవ్‌ని సిస్టమ్‌కి కలిపే కమాండ్) కొట్టాల్సిందే. అక్క పెళ్లి ఫోటోలు 16 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి ప్రింట్లకి స్టూడియోకి తీసుకెళ్తే సగం ఫోటోలు సున్నా కేబీ! పైగా సుడో లేకపోతే కాపీనే అవ్వట్లేదు, పర్మిషన్ డినైడ్ అంటోంది. పెన్‌డ్రైవ్ పోయినట్టేనా?

జవాబు: పోలేదు తమ్ముడూ, కంగారు పడకు. కట్ చేయలేదు, కాపీయే చేశావు కాబట్టి ఫోటోలు లాప్‌టాప్‌లో భద్రంగానే ఉంటాయి, వాటి జోలికి మాత్రం పోకు.

జరిగిందేంటంటే, నువ్వు కాపీ కొట్టగానే లైనక్స్ ఆ ఫోటోల్ని ముందు ర్యామ్‌లో పెట్టుకుంటుంది, అక్కణ్ణించి పెన్‌డ్రైవ్‌లోకి మెల్లగా దించుతుంది, పెన్‌డ్రైవ్ స్పీడు తక్కువ కదా, అందుకని. నీకేమో స్క్రీన్ మీద కాపీ అయిపోయినట్టే కనబడుతుంది, నువ్వు లాగేశావు, పేర్లు ఎక్కాయి, లోపలి సరుకు ఎక్కలేదు. లాగే ముందు సుడో యూమౌంట్ (umount, డ్రైవ్‌ని విడదీసే కమాండ్) కొట్టాలి, యూ తర్వాత ఎన్ ఉండదు, సూటిగా ఎమ్ వస్తుంది. అది ఒక్కోసారి రెండు మూడు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా కూర్చుంటుంది, హ్యాంగ్ అయిందనుకోకు, మిగిలింది రాస్తోంది. నేనైతే ప్రాంప్ట్ (మళ్లీ కమాండ్ కొట్టే లైన్) తిరిగొచ్చేదాకా పెన్‌డ్రైవ్ మీద చెయ్యి వెయ్యను. టార్గెట్ ఈజ్ బిజీ అందంటే నీ టెర్మినలే (కమాండ్లు కొట్టే విండో) ఆ ఫోల్డర్‌లో ఉండి ఉంటుంది, సీడీ (cd) అనే కమాండ్ కొట్టి బయటికొచ్చి మళ్లీ చెయ్యి.

ఇక పర్మిషన్ సంగతి. పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో వస్తాయి, అందులో ఈ ఫైల్ ఎవరిది అని రాసుకునే చోటే లేదు, అందుకే మౌంట్ చేసినవాడే ఓనర్, సుడోతో చేశావు కాబట్టి రూట్, అంటే అడ్మిన్, ఓనర్ అయిపోయాడు. సీహెచ్‌మోడ్ 777 (అందరికీ పర్మిషన్ ఇచ్చే కమాండ్) ఎన్నిసార్లు కొట్టినా లాభం లేదు. ముందు ఐడీ (id) అని కొట్టి నీ యూజర్ నంబర్ చూసుకో, మామూలుగా 1000 ఉంటుంది, మౌంట్ చేసేప్పుడే హైఫన్ ఓ పెట్టి యూఐడీ=1000 (-o uid=1000) అని ఇవ్వు, ఆ తర్వాత డ్రైవ్ పేరు, ఫోల్డర్ పేరు. డ్రైవ్ పేరు ఎస్‌డీబీ1 అని గుడ్డిగా కొట్టకు, ఎల్ఎస్‌బీఎల్‌కే (lsblk, డ్రైవ్‌ల జాబితా చూపే కమాండ్) కొట్టి సైజు చూసి పోల్చుకో, నీ 16 జీబీది 14 చిల్లర అని చూపిస్తుంది, కంపెనీది 1000 లెక్క, దీనిది 1024 లెక్క కదా.

పెళ్లి వీడియో కూడా వేస్తావేమో, ఒక్క ఫైలే 4 జీబీ దాటితే ఫ్యాట్32లో పట్టదు, ఎక్స్‌ఫ్యాట్ కావాలి, దానికి కెర్నల్ (లైనక్స్ మూల భాగం) 5.4 నించి లైనక్స్‌లోనే సపోర్ట్ ఉంది.

ఈసారి స్టూడియోకి బయల్దేరే ముందు యూమౌంట్ చేసి, పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ పెట్టి మౌంట్ చేసి, చిట్టచివర కాపీ అయిన నాలుగు ఫోటోలు అందులోంచే తెరిచి చూడు, అవి నిండుగా కనబడ్డాకే గది తాళం వెయ్యి.