రివార్డుల ప్రోగ్రామ్‌లో ముందే చేరితే మేలేనా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా అబ్బాయి విజయవాడలో హాస్టల్లో ఉండి బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాడు. కొత్త క్రిప్టో ప్రాజెక్టు ఏదో రివార్డుల ప్రోగ్రామ్ పెట్టిందట, రాత్రిళ్లు దానిమీదే ఉంటున్నాడు. ముందు చేరినవాళ్లకే ఎక్కువ టోకెన్లు (ఆ ప్రాజెక్టు సొంత క్రిప్టో నాణేలు) వస్తాయంటాడు. ఇప్పుడు ‘నోడ్’ (ఆ నెట్‌వర్క్‌ను నడపడంలో భాగమయ్యే కంప్యూటర్) కొనాలని 25,000 రూపాయలు అడుగుతున్నాడు. ఇవ్వమంటారా?

జవాబు: ఆ డబ్బు ఇవ్వకండమ్మా. అలాగని కోప్పడి అంతా మాన్పించకండి. వాడు చేస్తున్నదాంట్లో పనికొచ్చేదీ ఉంది.

ముందు చేరినవాళ్లు బాగుపడ్డారన్నది పుకారు కాదు. 2020 సెప్టెంబరులో యూనిస్వాప్ అనే క్రిప్టో ఎక్స్ఛేంజీ, అంతకుముందు తనను వాడిన ఒక్కో వాలెట్‌కు (క్రిప్టో దాచుకునే డిజిటల్ పర్సు) 400 టోకెన్లు ఉచితంగా ఇచ్చింది. అప్పటి ధరకు అవి వెయ్యి డాలర్ల పైమాటే. కానీ వాళ్లు బహుమతి కోసం వచ్చినవాళ్లు కారు, అవసరమై వాడుకున్నవాళ్లు. ఇప్పుడు, తర్వాత టోకెన్లుగా మారుస్తామంటూ పాయింట్లు ముందే ప్రకటిస్తున్నారు, జనం వాటికోసమే ఎగబడుతున్నారు, ఒక్కొక్కరు పదేసి వాలెట్లు తెరుస్తున్నారు. అలాంటివాళ్లను ఏరిపారేసే వడపోతలో, ఒకే హాస్టల్ వైఫై మీద ఆడిన పిల్లలు, అన్నీ ఒకే మనిషి ఖాతాలనిపించి, ఏ తప్పూ చేయకపోయినా పోవచ్చు.

ఈసారి ఇంటికొచ్చినప్పుడు ఆ ప్రోగ్రామ్ షరతుల పేజీ తెరవమని పక్కన కూర్చోండి. ఇలాంటి పేజీల్లో తరచూ కనిపించే మాట ఒకటుంది: పాయింట్లకు డబ్బు విలువ లేదు, నియమాలు ఎప్పుడైనా మార్చే హక్కు మాది. స్క్రీన్ మీద లక్ష పాయింట్లు కనిపించినా అవి ప్రాజెక్టు మీ వాడికి బాకీ పడిన సొమ్ము కాదన్నమాట. ఎన్ని పాయింట్లకు ఎన్ని టోకెన్లో రాశారా? వచ్చిన టోకెన్లు వెంటనే అమ్ముకోవచ్చా, నెలల తరబడి లాక్‌లో ఉంటాయా? నడిపేవాళ్ల పేర్లు బయట ఉన్నాయా? వీటికి జవాబు లేనిచోట డబ్బు కట్టడమంటే నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

లాభం వచ్చినా పన్ను ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో అమ్మకం లాభంపై 30 శాతం, సెస్సు అదనం. ఒకదాంట్లో పోయిన నష్టాన్ని ఇంకోదాని లాభంలోంచి తీసెయ్యనివ్వరు. అదే ఏడాది జూలై నుంచి అమ్మకం మొత్తంపై 1 శాతం టీడీఎస్ కూడా ఉంది.

రెఫరల్ లింకుల సంగతి గట్టిగా చెప్పండి. పిన్ని కొడుకునీ, పక్కింటివాళ్లనీ చేర్పించి, రేపు అది మూతపడితే వాళ్ల ముందు తలెత్తుకోలేడు. వాలెట్ రహస్య పదాలు ఎవరికీ చెప్పకూడదు. ఎవరి సొమ్మో తన బ్యాంకు ఖాతాలో వేయించుకోకూడదు. ఆ సొమ్ము మోసం తాలూకుదైతే పోలీసులు ఖాతా నిలిపేస్తారు, అప్పుడు హాస్టల్ ఫీజు కట్టడానికి కూడా రూపాయి కదలదు.

ఇక చదువు సంగతి. నాలుగో ఏడాది మొదలవుతూనే క్యాంపస్ నియామకాల హడావుడి మొదలవుతుంది. పాయింట్ల కోసం రోజూ చెక్-ఇన్ బటన్ నొక్కానని ఇంటర్వ్యూలో చెప్పుకోలేడు. అదే ప్రాజెక్టు టెస్ట్‌నెట్‌లో (పరీక్ష కోసం పెట్టిన నెట్‌వర్క్) తప్పు పట్టి, ఎలా వచ్చిందో వివరంగా రాసి పంపితే, సాలిడిటీ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని చిన్న స్మార్ట్ కాంట్రాక్టు (బ్లాక్‌చెయిన్ మీద నడిచే ప్రోగ్రామ్) ఒకటి రాసి, కోడ్ అందరికీ చూపే గిట్‌హబ్ సైట్‌లో పెడితే, టోకెన్ సున్నా అయినా ఆ పని వాడిదే. టెస్ట్‌నెట్‌లో వాడేవి విలువలేని ఉత్తుత్తి నాణేలే, జేబులోంచి పైసా తీయక్కర్లేదు. వేరే వాలెట్ పెట్టుకుని, వారాంతంలో రెండు మూడు గంటలు ఇలా చేస్తానంటే నిశ్చింతగా ఒప్పుకోండి. మిగతా రోజుల్లో డేటా స్ట్రక్చర్స్, డీబీఎంఎస్ ముందు.

బ్యాక్‌లాగులు ఏమైనా ఉన్నాయేమో మీరు రాయలేదు. ఒక్కటి ఉన్నా, అది పాసయ్యేదాకా ఈ రెండు గంటలు కూడా వద్దు.