కౌలు రైతుల సర్వేకి 385 మంది చాలా?

ప్రశ్న: తెనాలి వైపు కౌలు రైతుల అప్పులపై పరిశోధన చేస్తున్నాను. కౌలు కార్డుల జాబితా నుంచి 385 మందిని తీస్తే చాలంటున్నారు, నిజమేనా?
– పరిశోధక విద్యార్థిని, గుంటూరు

జవాబు: చాలదమ్మా. ముందు ఆ జాబితాయే తేడా. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు కావాలంటే భూయజమానితో ఒప్పందం ఉండాలి, అదీ 11 నెలలకే. సంతకం పెట్టని ఆసాముల పొలం చేసేవాళ్లు అందులో ఉండరు. వడ్డీ వ్యాపారి దగ్గరికి ఎక్కువగా పోయేది వాళ్లే. కాబట్టి ఎంచుకున్న ప్రతి ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి సొంత జాబితా రాసుకోండి.

385 అన్నది విడివిడిగా లాటరీ తీసినప్పటి లెక్క. ఊరికి 20 ఇళ్ల చొప్పున తీస్తే ఒకే ఊరివాళ్ల జవాబులు కాస్త ఒకేలా ఉంటాయి. ఆ పోలిక (0 అంటే అసలు లేనట్టు, 1 అంటే ఊరంతా ఒకే జవాబు) 0.05 అనుకుంటే 1 + (20 − 1) × 0.05 = 1.95, అంటే 385కి 1.95 రెట్లు, సుమారు 750 మంది, 38 ఊళ్లు కావాలి. బడ్జెట్ బిగువైతే ఊళ్లు తగ్గించకండి, ఊరికి ఇళ్లు తగ్గించండి.

“వడ్డీ ఎంత?” అనడిగితే “రెండు రూపాయలు” అంటారు. అది నెలకు నూటికి రెండు, ఏడాదికి 24 శాతం. 2 శాతమని ఎక్కించారో, బ్యాంకు కంటే షావుకారే నయమని తేలుతుంది! కౌలు బస్తాల్లో చెబితే బస్తా ఎన్ని కిలోలో కూడా రాయించండి.