హాస్టల్ సామాను: ఏది ఇంటి నుంచి, ఏది అక్కడ?

సీట్లు ఖాయమై పిల్లలు యూనివర్సిటీ హాస్టళ్ళకు బయల్దేరే రోజులివి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం సామాను ప్రశ్నలకే.

ప్ర: మా అబ్బాయికి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎం.ఏ. సీటొచ్చింది. పరుపు, ట్రంకు పెట్టె, బకెట్టు ఇక్కడే కొని రైల్లో తీసుకెళ్దామని మా ఆవిడ అంటోంది. అన్నీ అక్కడే కొనుక్కుంటానని వాడంటాడు. ఏది చవక?
– ఒక తండ్రి, పలాస

జ: అబ్బాయి మాటే చవక, అయితే "అన్నీ" కాదు. స్లీపర్ క్లాసులో మనిషికి 40 కిలోల సామాను ఉచితం కాబట్టి బరువుతో ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా చోటుతో. పరుపు చుట్ట బెర్తు కిందికి దూరదు, దారిలో పెడితే తిట్లు తప్పవు. పైగా దిగాక మామూలు ఆటో చాలదు, ట్రాలీ మాట్లాడాలి. ఊళ్ళో బేరమాడి మిగిల్చింది ఆ కిరాయికే సరిపోతుంది.

ఇంటి నుంచి తీసుకెళ్ళాల్సినవి ఇప్పటికే ఇంట్లో వాడుతున్నవి: దుప్పట్లు రెండు, కప్పుకోడానికి ఒకటి, దిండు గలీబులు రెండు, తువ్వాళ్ళు రెండు, స్టీలు కంచం, గ్లాసు, చెంచా, మూత గట్టిగా పట్టే డబ్బా ఒకటి, కత్తెర, సూది దారం, టార్చి, అయిదారు మీటర్ల నైలాన్ తాడు. పాత నేతచీరలతో కుట్టిన బొంత ఉంటే వదలొద్దు. పరుపు మీద పరిస్తే చెమట అదే పీల్చుకుంటుంది, ఉతికి ఆరేసుకోవచ్చు. తాళం కప్పలు కూడా ఇంటి నుంచే రావాలి, మొదటి సాయంత్రమే అవసరం పడతాయి. తలుపుకి 50 మిల్లీమీటర్లది, బీరువాకి 40 మిల్లీమీటర్లది. పెద్దదాని కొంకి లావుగా ఉంటే బీరువా గొళ్ళెం కన్నంలో పట్టదు, అందుకే రెండు సైజులు.

వెళ్ళిన రోజే కొనాల్సినవి పరుపు, దిండు, 20 లీటర్ల బకెట్టు, మగ్గు. మిగతావాటికి ఒక వారం ఆగమనండి. చీపురు, చెత్తబుట్ట, ఇస్త్రీపెట్టె గదికి ఒక్కోటి చాలు. రూమ్మేట్లు వచ్చేలోగా కొంటే ఒకే గదిలో మూడు చీపుళ్ళవుతాయి.

ట్రంకు పెట్టె సంగతి గది చూశాకే. తాళం పడే బీరువా ఉంటే అసలు అక్కర్లేదు. కావాలంటే ముందు మంచం కింద ఎత్తు టేపుతో కొలవాలి. ఆ ఎత్తు కంటే పెట్టె రెండంగుళాలు తక్కువుండాలి, లేకపోతే లాగినప్పుడల్లా పట్టేస్తుంది. వానాకాలం నేల తేమకి అడుగు రేకు తుప్పు పడుతుంది కాబట్టి నాలుగు మూలలా చెక్కముక్కలు పెట్టుకోవాలి.

క్యాంపస్‌కి లింగంపల్లి బజారు దగ్గర. బేగంబజార్‌లో ధర తక్కువే కానీ ఒక్కడి సామాను కోసం అంత దూరం వెళ్ళొస్తే గిట్టదు. నలుగురు కలిసి వెళ్తేనే లాభం. ఆ క్యాంపస్ చాలా పెద్దది, సైకిల్ లేకపోతే కాళ్ళు అరుగుతాయి. చదువు ముగించి వెళ్ళే సీనియర్ల దగ్గర పాతది దొరుకుతుంది. కొనేముందు చక్రం ఎత్తి తిప్పి రిమ్ము వంకర పోయిందేమో చూడాలి. టైరు పక్కలు పగిలాయా, బ్రేకు రబ్బర్లు అరిగాయా అన్నదీ చూసుకోవాలి. ఫ్రేము నంబరు వేసి అమ్మినవాళ్ళ చేత కాగితం రాయించుకుంటే రేపు గేటు దగ్గర వాదన ఉండదు.

ప్ర: సీనియర్ అక్కలు పరుపు, దోమతెర, టేబుల్ లైటు సగం ధరకే ఇస్తామంటున్నారు. నా దగ్గర మొత్తం ఐదు వేలే ఉన్నాయి. తీసుకోవచ్చా?
– ఒక విద్యార్థిని, వరంగల్

జ: లైటు తీసుకోండి. బకెట్టు, కుర్చీ, పుస్తకాల స్టాండు ఇస్తామన్నా తీసుకోండి. పరుపు, దిండు మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దు, కారణం నల్లులు. చూసి కొందాం అనుకుంటే ఫోను టార్చి వేసి అంచు కుట్లు, మూలలు వెతకాలి. సిరా చుక్కల్లాంటి నల్లటి మచ్చలు, ఎండిన పొట్టు కనబడితే ఉన్నట్టే. కనబడకపోయినా లేవని చెప్పలేం, గుడ్లు కుట్ల లోపలుంటాయి. ఎండలో వేస్తే పోతాయన్నది సగం నిజమే: పురుగులు నీడ వైపుకి జరిగిపోతాయి. దోమల కాయిల్ వాటినేమీ చేయదు.

మీ గదిలో మంచాన్నీ పరుపు పరిచే ముందే చూడండి. ఇనప మంచమైతే అతుకుల్లో, స్క్రూ కన్నాల్లో మరిగే నీళ్ళు పోయించండి. మెస్‌లో అడిగితే ఒక చెంబు ఇస్తారు. చెక్క మంచంలో కనబడితే వార్డెన్‌కి రాసివ్వండి, మందు కొట్టించడం వాళ్ళ పని.

డబ్బు సంగతి: పరుపు, దిండు కలిపి రెండు వేలు దాటనివ్వకండి. మంచం కొలత తీసుకున్నాకే దుకాణానికి వెళ్ళండి. ఆరడుగుల పొడవు మామూలే కానీ వెడల్పు కొన్నిచోట్ల మూడడుగులు, కొన్నిచోట్ల రెండున్నర. అరడుగు ఎక్కువ పరుపు పక్కకి వేలాడి అక్కడే విరుగుతుంది. రెండంగుళాల ఫోము చవగ్గా కనబడుతుంది, ఒక సెమిస్టర్‌లోనే అణిగిపోయి మంచం పలక వీపుకి తగులుతుంది. కొబ్బరిపీచు పరుపు గట్టిగా, తేలిగ్గా ఉంటుంది. దూదిది సుఖంగా ఉంటుంది కానీ అప్పుడప్పుడూ ఎండలో వేసి దులపకపోతే ఉండలు కడుతుంది. మూడో అంతస్తు నుంచి పరుపు కిందికి మోసే ఓపిక లేనివాళ్ళు పీచుదే కొనుక్కోవాలి.

దోమతెర కొత్తదే మేలు, గొడుగులా విచ్చుకునే రకం తీసుకోండి. గోడకి మేకులు కొట్టనివ్వని హాస్టళ్ళలో నాలుగు మూలల తాళ్ళ తెర కట్టడానికి ఆధారం ఉండదు. జిప్పు రెండు వైపులా తిప్పి చూసి కొనండి, ముందు చెడేది అదే. ఈ రెండూ అయ్యాక మిగిలిన దాంట్లోంచి వెయ్యి రూపాయలు తీసి పక్కన పెట్టండి. మొదటి వారంలో ఫోటోలు, జిరాక్సులు, ఏదో ఒక డిపాజిట్టు అడగని హాస్టల్ లేదు.

ప్ర: చలికాలం మా హాస్టల్లో వేడినీళ్ళు రావు. వాటర్ హీటర్ రాడ్ గానీ, చిన్న ఇండక్షన్ స్టవ్ గానీ కొందామనుకుంటున్నా. ఎక్స్‌టెన్షన్ బాక్స్ ఎలాంటిది తీసుకోవాలి?
– ఒక పరిశోధక విద్యార్థి, విశాఖపట్నం

జ: రాడ్, స్టవ్ రెండూ వద్దు. రూలు అడ్డమన్నది ఒక కారణం. చాలా హాస్టళ్ళు వీటిని నిషేధించాయి, దొరికితే పట్టుకుపోతారు. అంతకంటే పెద్ద కారణం మీ గోడలోని వైరు. గదిలో చదువుకునే బల్ల దగ్గరుండే చిన్న సాకెట్టు 6 ఆంపియర్లది. 230 వోల్టుల దగ్గర దాని మీద 1,380 వాట్లకు మించి పెట్టకూడదు. 1,500 వాట్ల రాడ్ ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది, 2,000 వాట్ల ఇండక్షన్ ఎనిమిదిన్నర పైనే. పైగా లైట్లు, ఫ్యాన్ల సర్క్యూట్టు మొత్తం కలిపి 800 వాట్ల లెక్కతో వేయడం మామూలు. చిన్న సాకెట్టు కూడా దాని మీదే ఉంటే మీ రాడ్ ఒక్కటే దానికి రెట్టింపు దగ్గర పడుతుంది.

రాడ్‌కి తరచుగా లావు పిన్నుల ప్లగ్గు ఉంటుంది. అది చిన్న సాకెట్లో పట్టదు కాబట్టి బజార్లో కన్వర్టర్ కొని దూరుస్తారు. తయారీదారు పెట్టిన అడ్డుని పది నిమిషాల్లో తీసేయడమన్నమాట. 20 లీటర్ల నీళ్ళని 25 డిగ్రీల నుంచి 45కి తేవడానికి 1,500 వాట్ల రాడ్‌కి దాదాపు 19 నిమిషాలు పడుతుంది. అంతసేపూ ఆ సాకెట్టు వేడెక్కుతుంది. లోపలి పట్టీ వదులైతే నిప్పురవ్వలు, ఆపైన కాలిన ప్లాస్టిక్ వాసన. ఇక వేడెక్కిందా అని స్విచ్చి ఆపకుండా నీళ్ళలో వేలు పెట్టడం ప్రాణం మీదికే తెస్తుంది.

మేడ మీద సోలార్ హీటర్ ఉంటే స్నానం సాయంత్రం ఐదు, ఆరు మధ్యకు మార్చుకోండి. రోజంతా కాగిన నీళ్ళు అప్పుడే అన్నిటికంటే వేడిగా ఉంటాయి, పొద్దున్న ఆలస్యంగా లేచినవాళ్ళకి మిగలవు. సోలార్ లేకపోతే పది మంది సంతకాలతో ఫ్లోరుకో గీజర్ అడగండి. రాడ్ దాచుకోవడం కంటే అదే తేలిక.

ఎక్స్‌టెన్షన్ బాక్స్ మాత్రం కొనాలి. ల్యాప్‌టాప్ ఛార్జర్ 65 వాట్లు, ఫోనుది 20, ఎల్ఈడీ టేబుల్ లైటు 9. మూడూ కలిపి వంద లోపే, ఏ మంచి బాక్సయినా మోస్తుంది. చూడాల్సినవి: మూడు పిన్నుల ప్లగ్గు, ఐఎస్ఐ గుర్తు, కనీసం 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, స్విచ్చి, మూడు మీటర్ల వైరు. రెండు పిన్నుల రంగురంగుల జంక్షన్ బాక్సులు ఎర్తింగ్ లేనివి, జోలికి పోకండి. వాడటం మొదలెట్టిన గంటకి స్విచ్చి ఆపి ప్లగ్గు మీద చెయ్యి వేసి చూడండి. ఇంత తక్కువ లోడు మీద కూడా వేడిగా ఉంటే లోపల కాంటాక్టు వదులుగా ఉన్నట్టు, దుకాణంలో మార్చుకోండి. వైరు పరుపు కింద నుంచి పోనివ్వకండి.

ప్ర: పచ్చళ్ళు ఎంత పంపాలి?
– ఒక అమ్మ, తెనాలి

జ: ఆవకాయ అరకిలో, కందిపొడి పావుకిలో. ఎక్కువ పంపితే గదంతా వచ్చి మూడు రోజుల్లో ఖాళీ చేస్తారు, కొంచెం పంపినా అంతే! డబ్బా నిండా పెట్టకుండా పైన రెండంగుళాలు వదలండి, ప్రయాణంలో నూనె పైకి పొంగుతుంది. మూత కింద పాలిథీన్ కవరు పరిచి బిగించి, నిటారుగా ఇంకో స్టీలు డబ్బాలో పెట్టండి. తడి చెంచా పెట్టొద్దని చెప్పండి, బూజుకి మూలం అదే.

ప్ర: సెప్టెంబర్‌లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌కి ఎం.ఎస్సీ.కి వెళ్తున్నా. యూనివర్సిటీ హాస్టల్లోనే గది. కుక్కర్, రజాయి, నెయ్యి తీసుకెళ్ళనా?
– ఒక విద్యార్థి, గుంటూరు

జ: కుక్కర్ సరే, రజాయి వద్దు, నెయ్యి కుదరదు. భారత్ నుంచి వెళ్ళేవాళ్ళు మాంసం, పాల పదార్థాలు బ్రిటన్‌లోకి తేకూడదు. నెయ్యి, పాలకోవా కస్టమ్స్‌లో తీసేసుకుంటారు. పొడులు, నూనె పచ్చళ్ళు తీసుకెళ్ళొచ్చు.

కుక్కర్ మూడు లీటర్లది, ఇండక్షన్ అడుగున్న స్టీలుది కొనండి. అక్కడి వంటగదిలో ఇండక్షన్ పొయ్యి ఉంటే మామూలు అల్యూమినియం గిన్నె వేడెక్కదు. గాస్కెట్ ఒకటి, సేఫ్టీ వాల్వు ఒకటి అదనంగా పెట్టుకోండి, మీ మోడల్‌కి సరిపోయేవి అక్కడ వెతకడం కష్టం.

రజాయి పెట్టెలో సగం తినేస్తుంది. వెళ్ళాక డ్యువే, అంటే అక్కడివాళ్ళ రజాయి, కొనుక్కోండి. దాని వెచ్చదనాన్ని టాగ్ అనే అంకెతో చెప్తారు. హీటింగ్ ఉన్న గదికి 10.5 చాలు. సింగిల్ మంచం మామూలుగా 90 × 190 సెంటీమీటర్లు, మన 60 × 90 అంగుళాల దుప్పటి దాని మీదికి సరిపోతుంది, రెండు తీసుకెళ్ళండి. బుకింగ్‌లో బెడ్డింగ్ ప్యాక్ అని ఉంటే ధర పోల్చి చూసుకోండి, బయట సూపర్ మార్కెట్లో తరచుగా తక్కువకే వస్తుంది. గిన్నెలు, కప్పులకి విరాళంగా వచ్చిన పాత సామాను అమ్మే చారిటీ దుకాణాలు మేలు.

కరెంటు అక్కడా 230 వోల్టులే కాబట్టి ఛార్జర్లు పనిచేస్తాయి, మారేది పిన్ను ఆకారమే. పలక పిన్నుల అడాప్టర్లు రెండు ఇక్కడే కొనండి. మన ఎక్స్‌టెన్షన్ బాక్స్ మాత్రం వద్దు. అక్కడి ప్లగ్గు లోపల ఫ్యూజు ఉంటుంది, అది లేని బాక్సుని తనిఖీలో తీసేయిస్తారు. అక్కడే ఒకటి కొనుక్కోండి. అగరుబత్తులు, దీపం గదిలో వెలిగించకూడదు, బ్యాటరీ దీపం పెట్టుకోండి. తాలింపు వేసేటప్పుడు వంటగది తలుపు మూసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ముందే వేయండి. తలుపు తెరిచి ఉంటే పొగ కారిడార్‌లోని స్మోక్ డిటెక్టర్‌ దాకా పోతుంది. అది మోగిందంటే అర్ధరాత్రయినా భవనం మొత్తం చలిలో కిందికి దిగాల్సిందే.